మధిర టికెట్టు నుంచి యూరప్ పాసు దాకా



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నాకు లెక్కలు తప్ప వ్రాతలు రావండీ" అన్నాను. "అయితే ఆ లెక్కలే వ్రాయండి" అన్నారు. తప్పించుకోలేక వ్రాస్తున్నాను. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

నేను 1975లో దక్షిణ మధ్య రైల్వే ట్రాఫిక్ అకౌంట్సులో గుమాస్తాగా చేరి, 2013లో సికింద్రాబాదులోనే రిటైరయ్యాను. మన ఆఫీసు భాష మీకు తెలిసిందే. మన జోను హద్దు దాటితే అది "ఫారిన్ రైల్వే". మద్రాసు వెళ్ళినా ఫారినే, నాగపూరు వెళ్ళినా ఫారినే. ప్రయాణికుడు ఒక్క టికెట్టు కొని హాయిగా కిటికీ పక్కన కూర్చుంటాడు. ఆ టికెట్టు డబ్బులో ఏ రైల్వేకు ఎంత వాటా రావాలన్నది ఎక్కడో మనలాంటివాడు కూర్చుని తేల్చాలి. ముప్పై ఎనిమిదేళ్ళు అలా "ఫారిన్" వ్యవహారాలు చూశాను గానీ, అసలు ఫారిన్ మాత్రం చూడలేదు.

ఇప్పుడా అవకాశం వచ్చింది. మా అమ్మాయి జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉంటోంది. "నాన్నా, అమ్మా నువ్వూ రండి. యూరప్ అంతటికీ ఒకే రైలు పాసు దొరుకుతుంది. కొనుక్కుంటే ముప్పై మూడు దేశాల్లో తిరగవచ్చు" అని ఫోను చేసింది. పాసు అన్న మాట వినగానే మన రైల్వేవాడి ప్రాణం లేచి వచ్చింది. ఏటా రెండు సెట్ల కాంప్లిమెంటరీ పాసులు వాడుకునే అలవాటు కదా! తెల్లకాగితం తీసి, స్కేలుతో గీతలు గీసి, పదిహేను రోజుల్లో పది దేశాలు తిరిగే పథకం వేశాను. రాత్రిళ్ళు రైల్లో పడుకుంటే హోటలు ఖర్చు కూడా మిగులుతుందని చూపించాను.

మా ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమండీ, మనం వెళ్ళేది ఊళ్ళు చూడటానికా, స్టేషన్లు లెక్కపెట్టటానికా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. "పోనీ, నువ్వు ఏ ఊరు చూడాలనుకుంటున్నావో చెప్పు" అన్నాను. పెళ్ళయి నలభై అయిదేళ్ళయింది. పాసు ఫారంలో "నుంచి", "వరకు" అన్న రెండు గళ్ళూ ఎప్పుడూ నేనే నింపాను. ఆమెను అడగటం ఇదే మొదటిసారి అని అడిగిన తరువాత గాని నాకు తట్టలేదు.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెక్కా బొమ్మ ఉంది చూడండి. అది ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరు" అంది.

అక్కడి నుంచి నేను టైం టేబుళ్ళు పక్కనపెట్టి చరిత్ర చదవటం మొదలుపెట్టాను.

దివానుగారి యాత్ర

ఆ బొమ్మ చెక్కినవాడు జొవాన్ని మరియా బెంజోని అనే ఇటలీ శిల్పి. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము వెళ్ళినప్పుడు దానిని కొన్నారు. ముఖం మీద పలుచని మేలిముసుగు, దాని వెనుక కనుముక్కు తీరు, అంతా పాలరాయే. చార్మినారు చూడటానికి వచ్చిన చుట్టాలందరినీ మా ఆవిడ ఆ బొమ్మ దగ్గరకు తీసుకువెళ్ళేది.

సాలార్‌జంగ్ 1853 నుంచి 1883లో చనిపోయే వరకు నిజాం సంస్థానానికి దివానుగా ఉన్నారు. 1876లో ఓడలో ఐరోపా వెళ్ళి ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండు చూశారు. ఆయన విహారానికి మాత్రమే వెళ్ళలేదు. 1853లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయిన బేరారును తిరిగి సంపాదించాలన్నది ఆయన జీవితకాలపు పట్టుదల. ఆ మాట లండనులో పెద్దల చెవిన వేయాలని ఆయన ఆశ. దారిలో పారిస్ గ్రాండ్ హోటల్లో మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. అయినా లండను వెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. సన్మానాలు జరిగాయి. బేరారు మాత్రం రాలేదు.

ఇక్కడ మన రైల్వేవాళ్ళు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. వాడి నుంచి సికింద్రాబాదుకు, హైదరాబాదుకు మొదటి రైలు మార్గం తెరిచింది 1874లో. అంటే మన ఊరికి రైలు వచ్చిన రెండేళ్ళకే మన దివానుగారు యూరప్ వెళ్ళి వచ్చారు. అంతకు నలభై నాలుగేళ్ళ ముందు, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి పల్లకీలో బయలుదేరి, దారిలో హైదరాబాదు మీదుగా వెళ్ళి, తిరిగి ఇల్లు చేరటానికి పదిహేను నెలలకు పైగా పట్టింది. రైలు వచ్చాక దూరం అంటే అర్థమే మారిపోయింది.

సరిహద్దు స్టేషన్ల కాలం

యూరప్ అనగానే మనకు వింతగా తోచేది, రైల్లో కూర్చునే దేశం దాటటం. కాని సికింద్రాబాదు వాళ్ళకు అది వింత కాదు. మన తండ్రులు, తాతలు చేసిన ప్రయాణాలన్నీ అలాంటివే.

వాడి దగ్గర గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో మన లైను కలిసింది. 1883లో లండను మూలధనంతో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీకి ఏర్పాట్లు జరిగాయి. పేరులో ఉన్న "గ్యారంటీ" అంటే, లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు వడ్డీ చెల్లిస్తామని సంస్థానం ఇచ్చిన హామీ. లైనును చాందా వైపు పొడిగించే ఆ పథకం షరతులను అందరికీ తెలియజేయాలని సరోజినీ నాయుడుగారి తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ప్రభృతులు ఆందోళన చేశారు. ఫలితంగా 1883లో ఆయనను సంస్థానం నుంచి బహిష్కరించారు. రైలు పట్టాల వెనుక ఎవరి డబ్బు, ఎవరి పూచీ అని మన ఊళ్ళో ఆనాడే అడిగినవాళ్ళు ఉన్నారన్నమాట.

లైను 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. బల్లార్షా లైను 1929లో పూర్తయి ఉత్తర హిందూస్థానానికి దగ్గర దారి అయింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసి నిజాం స్టేట్ రైల్వేగా నడిపింది.

మా నాన్నగారు ఆ నిజాం స్టేట్ రైల్వేలో బుకింగ్ క్లార్కు. మధిరలో పని చేశారు. మధిర దాటి, ఎర్రుపాలెం దాటితే నిజాం రాజ్యం అయిపోయేది. అవతల కృష్ణా జిల్లా, అంటే బ్రిటిషు ఇండియా. ఇవతల హాలీ సిక్కా, అవతల కంపెనీ రూపాయి. రెండూ రూపాయలే గాని విలువ ఒకటి కాదు, ఏడు హాలీ రూపాయలకు సుమారుగా ఆరు బ్రిటిషు రూపాయలు. ఇవతలి తపాలా బిళ్ళ వేరు, అవతలిది వేరు. సరుకుల మీద "కరోడ్‌గిరి" పేరుతో సంస్థానం సొంత సుంకం వసూలు చేసేది. ఇప్పుడు మనం యూరప్ గురించి చెప్పుకునే సరిహద్దు, నాణెం, సుంకం, అన్నీ మధిర పక్కనే ఉండేవి.

అయినా మధిర కిటికీ దగ్గర నిలబడిన రైతు కాశీకి టికెట్టు అడిగితే నాన్నగారు ఇచ్చేవారు. తరచుగా అమ్ముడుపోయే ఊళ్ళకు అచ్చు వేసిన అట్ట టికెట్లు ఉండేవి. కాశీలాంటి దూరప్రయాణానికి బ్లాంక్ పేపర్ టికెట్టు మీద కార్బను పెట్టి చేత్తో వ్రాసి ఇచ్చేవారు. కాజీపేట, బల్లార్షా వరకు నిజాం రైల్వే, అక్కడి నుంచి నాగపూరు, ఇటార్సీ, జబల్‌పూరు మీదుగా జి.ఐ.పి., అలహాబాదు దాటాక ఈస్టిండియన్ రైల్వే. మూడు రైల్వేలు, రెండు ప్రభుత్వాలు, ఒక కాగితం. దారి పొడుగునా జంక్షన్ల పేర్లు నాన్నగారు ఆంజనేయ దండకం లాగా అప్పజెప్పేవారు.

మధిరలో వ్రాసిన ఆ కాగితాన్ని మొగల్‌సరాయిలో టికెట్టు కలెక్టరు ఎందుకు ఒప్పుకోవాలి? అతనికి మధిర ఎక్కడుందో కూడా తెలియదు. ఒప్పుకోవటానికి కారణం, రైల్వేలన్నీ ముందే కూర్చుని చేసుకున్న ఒడంబడిక. ఇందుకోసమే 1903లో ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్ ఏర్పడింది. ఒకరి బండి ఇంకొకరి లైను మీదికి వస్తే అద్దె ఎంత, ఒకరు అమ్మిన టికెట్టుకు ఇంకొకరి వాటా ఎంత అన్న నియమాలన్నీ అక్కడ స్థిరపడ్డాయి. మనం ఉద్యోగకాలమంతా మోసిన ఆ లావుపాటి పుస్తకాలు అక్కడి నుంచి వచ్చినవే.

యూరప్ పాసు ఎలా వచ్చింది

యూరప్‌లో కూడా కథ ఇదే. ఇంగ్లండులో రైలు కంపెనీలు ఎక్కువై పంపకాల తగవులు రావటంతో 1842లో లండనులో రైల్వే క్లియరింగ్ హౌస్ పెట్టారు. మన ఫారిన్ ట్రాఫిక్ సెక్షనుకు అదే ముత్తాత అనుకోండి. థామస్ కుక్ 1863లో ఒక జట్టును స్విట్జర్లాండు తీసుకువెళ్ళాడు. ఆ సంస్థ 1873 నుంచి యూరప్ రైళ్ళ టైం టేబులు అచ్చు వేయటం మొదలుపెట్టి, 2013 వరకు కొనసాగించింది. 1922లో పారిస్‌లో అంతర్జాతీయ రైల్వేల సమాఖ్య ఏర్పడింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి పధ్నాలుగేళ్ళు తిరగకముందే, 1959లో, నిన్నటి దాకా పోట్లాడుకున్న దేశాలు పదమూడు కలిసి యూరెయిల్ పాసు తెచ్చాయి. అది యూరప్ బయటి నుంచి వచ్చేవారి కోసం. మన హాలీ సిక్కా చెలామణీ నుంచి పూర్తిగా తప్పుకున్నది కూడా ఆ దశాబ్దం చివరికే. 1972లో సమాఖ్య యాభై ఏళ్ళ పండుగ సందర్భంగా అక్కడి కుర్రవాళ్ళ కోసం ఇంటర్‌రెయిల్ పాసు తెచ్చారు. అప్పట్లో అది ఇరవై ఒక్క ఏళ్ళ లోపు వారికే. 2019లో బ్రిటన్ కూడా యూరెయిల్‌లో చేరింది.

పూర్వం కాగితపు పాసుతో పాటు ఏ రోజున ఏ రైలు ఎక్కారో నింపవలసిన పుట ఉండేది. ఇప్పుడది సెల్ ఫోనులోకి వచ్చింది. ఆ వివరాలను బట్టే పాసు డబ్బు రైల్వేల మధ్య పంపకం అవుతుందని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. ఎక్కడో ఒక గుమాస్తా ఇంకా లెక్క చూస్తున్నాడన్నమాట!

మన దేశంలో కూడా విదేశీ యాత్రికుల కోసం ఇండ్‌రెయిల్ పాసు ఉండేది. 2017లో దానిని తీసివేశారు. సర్క్యులర్ జర్నీ టికెట్టు మాత్రం ఉంది. ఎనిమిది చోట్ల దిగి, చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే రావచ్చు. మనలో చాలామంది దానిని వాడుకోనే లేదు.

ఒడంబడిక తెగితే

ఒడంబడిక ఉన్నంత కాలం టికెట్టు చిన్న కాగితంలా కనిపిస్తుంది. అది తెగినప్పుడు గాని దాని విలువ తెలియదు.

1948లో నాన్నగారు అది చూశారు. హైదరాబాదు సంస్థానం మీద ఇండియన్ యూనియన్ ఆర్థిక దిగ్బంధం, లోపల రజాకార్ల భయం. మే నెలలో గంగాపూరు స్టేషనులో రైలు మీద దాడి జరిగింది. మధిర ప్రాంతం నుంచి ఎన్నో కుటుంబాలు హద్దు దాటి కృష్ణా జిల్లాకు తరలిపోయాయి. నిన్నటి దాకా గంటలో వెళ్ళివచ్చిన బెజవాడకు, మూటలు నెత్తిన పెట్టుకుని చీకట్లో పొలాలకు అడ్డంపడి నడిచి వెళ్ళారట. "అట్ట టికెట్లు బీరువా నిండా ఉన్నాయిరా. కొనేవాళ్ళే లేరు" అనేవారు నాన్నగారు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1951లో నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా మన దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. మధిర దగ్గర ఆ పాత రాజ్యపు హద్దు పోయింది.

యూరప్‌లోనూ అంతే. 1914లో, మళ్ళీ 1939లో యుద్ధాలు వచ్చి ఖండాంతర రైళ్ళు ఆగిపోయాయి. 1961లో బెర్లిన్ నగరం మధ్య గోడ లేచి 1989 దాకా నిలిచింది. 2020 మార్చిలో అయితే కరోనా వలన అక్కడి హద్దులూ మూతపడ్డాయి, ఇక్కడ మన ప్రయాణికుల రైళ్ళూ ఆగిపోయాయి. సికింద్రాబాదు స్టేషను అంత నిశ్శబ్దంగా ఉంటుందని మనం కలలోనైనా అనుకున్నామా?

ఇంకొక మాట కూడా చెప్పాలి. నాన్నగారు వందలమందికి కాశీ టికెట్టు వ్రాసి ఇచ్చారు గాని తాను వెళ్ళలేదు. రిటైరయ్యాక అమ్మను తీసుకువెళ్ళాలనుకున్నారు. ఈ ఏడు పంటలు, వచ్చే ఏడు పెళ్ళి, ఆ పై ఏడు ఎండలు అంటూ వాయిదాలు పడ్డాయి. అమ్మ పోయిన తరువాత ఆయన ట్రంకుపెట్టెలో ఇద్దరి పేర్లతో ఒక పాసు కనిపించింది. మధిర నుంచి వారణాసి వరకు. గడువు దాటి చాలాకాలమైంది. నాన్నగారు దాన్ని చించలేదు, పారెయ్యలేదు. మళ్ళీ మడిచి పెట్టెలోనే పెట్టుకున్నారు.

అందుకే, "వచ్చే ఏడు చూద్దాంలే, మోకాళ్ళ నొప్పులు తగ్గాక వెళదాం" అని నేను అనబోయి మానుకున్నాను. మోకాళ్ళు వచ్చే ఏటికి బాగుపడవు.

మా పథకం, మీకు పనికివచ్చే నాలుగు మాటలు

పెన్సిలు మా ఆవిడ చేతికి ఇచ్చాను. పది దేశాలు నాలుగయ్యాయి. రోములో నాలుగు రోజులు. రోము నుంచి మిలాను. మిలాను నుంచి ఆల్ప్స్ కొండల కింద 2016లో తెరిచిన యాభై ఏడు కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం గుండా జూరిక్. అక్కడి నుంచి స్టుట్‌గార్ట్‌లో అమ్మాయి ఇల్లు. మధ్యలో పారిస్ వెళ్ళి రావటం. ఆ గ్రాండ్ హోటల్ ఇప్పటికీ ఉందట. బయటి నుంచి చూసి వస్తాం. మెట్ల జోలికి మాత్రం పోము. లండనుకు వేరే వీసా కావాలి, ఖర్చు కూడా ఎక్కువ. "బేరారు అడగాల్సిన పని మనకు లేదు కదా" అని మా ఆవిడ లండనును కొట్టివేసింది.

మొత్తం రైలు ప్రయాణం అయిదు రోజులు. నెల రోజుల గడువులో ఏవైనా అయిదు రోజులు ప్రయాణించే పాసు ఉంది. అది సరిపోతుంది. అరవై నిండినవారికి పది శాతం తగ్గింపు ఉంది. ప్రయాణదినం అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. ఆ రోజు ఎన్ని రైళ్ళు ఎక్కినా ఒకటే లెక్క.

మనవాళ్ళు మోసపోయే చోటు ఒకటుంది. మన పాసులాగే అక్కడ కూడా పాసు వేరు, రిజర్వేషను వేరు. ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిన్‌లలో వేగంగా నడిచే రైళ్ళకు విడిగా డబ్బు కట్టి సీటు తీసుకోవాలి. ఫ్రాన్సుకు వెళ్ళే కొన్ని రైళ్ళలో పాసువాళ్ళకు సీట్లు పరిమితం కాబట్టి ముందుగానే చూసుకోవాలి. జర్మనీ, స్విట్జర్లాండు లోపలి రైళ్ళలో చాలావాటికి ఈ బాధ లేదు.

పాసు లాభమా, విడి టికెట్లు లాభమా అని రెండు కాలాలు గీసి లెక్క వేశాను. తేదీలు ఖాయంగా ఉండి, రెండు మూడు నెలల ముందే కొనగలిగితే విడి టికెట్లే చవక. పాసులో మిగిలేది డబ్బు కాదు, స్వేచ్ఛ. మోకాలు నొప్పి చేస్తే ఈ రోజు బదులు రేపు వెళ్ళవచ్చు, సీటు రిజర్వేషను ఒక్కటి మార్చుకుంటే చాలు. మా వయసులో దానికి విలువ ఉంది. అందుకే పాసే ఖాయం చేశాము.

నాలుగు దేశాలకూ ఒకటే షెంగెన్ వీసా. ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. మాకు జర్మనీ. ముప్పై వేల యూరోలకు తక్కువ కాని వైద్య బీమా తప్పనిసరి. మూడు దేశాల్లో యూరో చెల్లుతుంది. స్విట్జర్లాండులో మాత్రం ఫ్రాంకు. అది చదివి నవ్వుకున్నాను. నాన్నగారుంటే "మళ్ళీ హాలీ సిక్కాయేనా!" అనేవారు.

పాసులో "నుంచి", "వరకు" అనే గళ్ళు ఉండవట. ఎక్కిన రైలు మాత్రమే నమోదు చేసుకోవాలి. ఆ పని మా ఆవిడకే అప్పగించాను. ఫోను ఎలా నొక్కాలో మనవరాలు వీడియోలో నేర్పుతోంది.

వెళ్ళి వస్తే, ఆ విశేషాలు వచ్చే సంచికకు వ్రాస్తాను. ఈ లోగా ఏ సభ్యుడి బీరువాలోనైనా గడువున్న పాసు పడి ఉంటే, ఈ వ్యాసం చదవటం ముగించి ఆ తారీఖు ఒకసారి చూసుకోవలసిందిగా మనవి.